కాయలో పూసే చెట్టు, కాయలో పుట్టే కందిరీగ

వేసవి మొదట్లో వాగుగట్టు మీది మేడిచెట్టు దగ్గరికి వెళ్తే ముందుగా కంటపడేది దాని మాను. మామిడి, చింత, వేప కొమ్మల కొసల్లో కాస్తాయి. మేడి అలా కాదు. లావుపాటి మానుకూ ముదురు కొమ్మలకూ బెరడు మీదనుంచే గుత్తులు గుత్తులుగా కాయలు పుట్టుకొస్తాయి. వాటికి ముందు పూత కనపడదు. మొగ్గ విచ్చుకోదు, రేకు రాలదు, తుమ్మెద వాలదు. మొన్న ఏమీ లేని చోట ఇవాళ ఆకుపచ్చని పిందెలుంటాయి, అంతే. పువ్వు లేకుండా కాయ ఎలా వస్తుందన్న ప్రశ్న మన పూర్వుల్ని బాగానే ఆలోచింపజేసింది. పూయకుండా కాసే చెట్లంటూ మేడి, మర్రి, రావి వంటివాటిని విడిగా ఒక వర్గం చేశారు. బౌద్ధ గ్రంథాల్లో బుద్ధుడు లోకంలోకి రావడం ఎంత అరుదో చెప్పవలసి వచ్చినప్పుడు మేడిపువ్వు కనపడటంతో పోల్చారు.

మేడి పూస్తుంది. ఒక్కో కాయలో వందలూ వేలూ పూలు పూస్తాయి. అవి లోపల ఉంటాయి, అందుకే మనకు కనపడవు. పొద్దుతిరుగుడు పువ్వు మధ్యభాగాన్ని చూడండి. అది ఒక పువ్వు కాదు, వందలాది చిన్న పూలను పరుచుకున్న బల్ల. ఆ బల్లను అంచులు కలిసేదాకా లోపలికి ముడిచేస్తే పూలన్నీ చీకట్లో ఒకదానికొకటి ఎదురుగా ఉండిపోతాయి. మేడికాయ అదే. లేతకాయను బ్లేడుతో నిలువునా కోస్తే గోడ లోపలివైపంతా సన్నని పూలు దట్టంగా నిలబడి ఉంటాయి. తొడిమకు ఎదురుగా, కాయ కొసన, చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలోంచి లోపలికి ఒక దారి ఉంది గానీ, ఒకదానిమీద ఒకటి పడుకున్న పొలుసులు దాన్ని గట్టిగా మూసి ఉంచుతాయి.

మేడి, మర్రి, రావి, జువ్వి, బజార్లో ఎండు అంజీరుగా అమ్మే అంజూర, అన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతిలోవి. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నాయి. అన్నింటికీ పూల గది ఇలా మూసే ఉంటుంది. గాలి లోపలికి పోదు. తేనెటీగ పట్టదు. పుప్పొడి ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు చేరకపోతే గింజ పట్టదు. ఆ పనిని ఈ చెట్లన్నీ ఒకే కుటుంబానికి చెందిన కందిరీగలకు అప్పగించాయి. కందిరీగ అనగానే చూరుకింద మట్టిగూడు కట్టి కుట్టే పురుగు గుర్తొస్తుంది. ఇవి ఆ వంశానివే కానీ పొడవు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మనిషిని కుట్టవు. మన మేడికి వచ్చేదాని పేరు సెరటోసోలెన్ ఫ్యుసిసెప్స్. మర్రికి వచ్చేది యూప్రిస్టినా మసోని. రావిది ఇంకొకటి. సాధారణంగా ఏ చెట్టు కందిరీగ ఆ చెట్టుదే. మర్రి కందిరీగకు మేడితో పనిలేదు, మేడి కందిరీగ రావి వైపు చూడదు.

ఇక్కడినుంచి ఒక ఆడ కందిరీగ వెంట వెళ్దాం. ఆమె బతికేది ఒకటి రెండు రోజులు. పుట్టిన చెట్టు మీద ఆమెకిక చోటు లేదు, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. అదే జాతి చెట్టు ఇంకొకటి, సరిగ్గా పూల దశలో ఉన్నది వెతుక్కోవాలి. లోపలి పూలు సిద్ధమైనప్పుడు కాయ ఒక వాసన విడుస్తుంది. ప్రతి జాతికీ దాని వాసనల మిశ్రమం వేరు. ఆమె పైకి ఎగిరి గాలిలో పడి కొట్టుకుపోతూ, ఆ వాసన తగిలినచోట కిందికి దిగుతుంది. ఇంత అల్పప్రాణి ఎంత దూరం పోగలదన్నది చాలాకాలం ఎవరికీ తెలియదు. నమీబియా ఎడారిలో యుగాబ్ నది పొడవునా అక్కడి సైకమోర్ మేడిచెట్లు దూరదూరంగా, చుట్టూ ఇంకేమీ లేకుండా ఉన్నాయి. ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టుకు చేరిందో జన్యుపరీక్షలతో లెక్కతీసి 2009లో ప్రకటించారు. సగటు దూరం 90 కిలోమీటర్లకు దగ్గర. గరిష్ఠం 160 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం దాకా ఉన్నంత దూరాన్ని, ఆవగింజ పక్కన పెడితే పెద్దగా తేడా కనపడని ప్రాణి, రెండు రోజుల ఆయుష్షులో దాటింది.

కాయ దొరికాక అసలు కష్టం మొదలవుతుంది. కొసనున్న గుంటలో తల దూర్చాలి. ఆమె తల బల్లపరుపుగా ఉంటుంది. దవడల వెనక రంపపు పళ్ళవంటి వరసలుంటాయి. వాటితో పొలుసుల్ని పట్టుకుంటూ ముందుకు తోసుకుపోతుంది, వెనక్కి జారే వీలుండదు. ఆ ఇరుకులో రెక్కలు విరిగిపోతాయి. మీసాల కొసలు తెగిపోతాయి. కొన్ని కందిరీగలు దారిలోనే ఇరుక్కుని చనిపోతాయి. లోపలికి చేరినదానికి బయటికి రావడమన్నది ఇక లేదు. మేడికాయ కొసను జాగ్రత్తగా చూస్తే గుంట అంచున విరిగిన రెక్కలు అతుక్కుని కనపడతాయి. చేతికందే ఎత్తులో కాసే చెట్టు కాబట్టి దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, భూతద్దం చాలు.

లోపల ఆమె చేసే పని చూసి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. తేనెటీగ పుప్పొడి మోయడం యాదృచ్ఛికం. తేనెకోసం పోయినప్పుడు ఒంటికి అంటుకుంటుంది, ఇంకో పువ్వు మీద రాలుతుంది. మేడి కందిరీగ అలా కాదు. ఆమె రొమ్ముభాగంలో పుప్పొడి దాచుకోవడానికే ఏర్పడిన జేబులున్నాయి. పుట్టిన కాయలో కేసరాలనుంచి పుప్పొడిని ముందుకాళ్ళతో తీసి వాటిలో నింపుకుని వచ్చింది. ఇప్పుడు అవే కాళ్ళతో దాన్ని బయటికి తీసి కీలాగ్రాల మీద పెడుతుంది. ఈ జేబుల సంగతిని 1969లో ఇజ్రాయెల్‌కు చెందిన జాకబ్ గాలిల్, ఆయన సహచరుడు ఐసికోవిచ్ ఒకవైపు, కోస్టారికాకు చెందిన విలియం రమీరెజ్ మరోవైపు, ఎవరికి వారే బయటపెట్టారు. అప్పటిదాకా శాస్త్రజ్ఞులు సైతం పుప్పొడి ఒంటికి అంటుకుని వస్తుందనే అనుకున్నారు. కావాలని పూలకు పుప్పొడి పెట్టే కీటకాలు లోకంలో చాలా కొద్ది.

పుప్పొడి పెడుతూనే గుడ్లూ పెడుతుంది. గుడ్లుపెట్టే సన్నని సూదిని కీలంలోంచి కిందికి దించి, అండం పక్కన ఒక్క గుడ్డు వదులుతుంది. ఆ పువ్వు గింజ కావడం మానేసి బుడిపెగా ఉబ్బుతుంది. లోపల పుట్టిన పురుగు దానిలోని పోషకాన్నే తిని పెరుగుతుంది. పూలన్నింటికీ కీలాలు ఒకే పొడవు ఉండవు. పొట్టి కీలాలున్న పూలలో సూది సులువుగా అడుగుకు చేరుతుంది. పొడవు కీలాలున్న వాటిలో పుప్పొడి పడుతుంది గానీ గుడ్డు చాలావరకు పడదు. పొట్టివి కందిరీగల పిల్లలకు, పొడవువి చెట్టు పిల్లలకు. చెట్టు తన గింజల్లో ఒక భాగాన్ని ముందే వదులుకుంది. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో, తల్లి కందిరీగ ఆ పూల మధ్యే చనిపోతుంది.

తర్వాత వారాలపాటు బయటికి ఏమీ తెలియదు. కాయ పచ్చగా, గట్టిగా ఉంటుంది. లోపల గింజలూ పురుగులూ పక్కపక్కన పెరుగుతుంటాయి. ముందు మగ కందిరీగలు బయటపడతాయి. వాటిని చూస్తే ఆడవాటి అన్నదమ్ములని నమ్మలేం. రెక్కలుండవు, రంగుండదు, చూపు దాదాపు లేదు. పెద్ద దవడలు, పొడవాటి పొట్ట. అవి ఇంకా బుడిపెల్లోనే ఉన్న ఆడవాటిని వెతికి, బుడిపెకు చిల్లు పెట్టి, జత కడతాయి. ఆ తర్వాత మగవన్నీ కలిసి కాయగోడను లోపలినుంచి తొలుస్తాయి. మూసి ఉన్న కాయలో అప్పటికి కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు పేరుకుని ఉంటుంది. 1973లో గాలిల్ బృందం రావికాయల మీద చేసిన ప్రయోగాల్లో ఒక చక్కని సంగతి తేలింది. ఆ గాలిలో మగవి చురుగ్గా పనిచేస్తాయి, ఆడవి మందకొడిగా ఉంటాయి. సొరంగం తెరుచుకుని బయటిగాలి లోపలికి రాగానే ఆడవి మేలుకుంటాయి. సరిగ్గా అప్పటికే కేసరాలు విచ్చుకుని పుప్పొడి సిద్ధంగా ఉంటుంది. జేబులు నింపుకుని, అన్నదమ్ములు తవ్విన దారిలోంచి ఎగిరిపోతాయి. సొరంగం తవ్విన మగవి అక్కడే, లేదా కిందికి రాలి చనిపోతాయి. రాలినవాటికోసం చీమలు కాచుకుని ఉంటాయి.

కందిరీగలు వెళ్ళిపోయాకే కాయ మెత్తబడి, ఎర్రబడి, తియ్యబడుతుంది. పురుగులు ఇంకా లోపలుండగా పిట్ట వచ్చి తినేస్తే పుప్పొడి మోసేవాళ్ళే ఉండరు కాబట్టి ఈ వరస చెట్టుకు చాలా ముఖ్యం. పండాక కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు, కోతులు వస్తాయి. ఫైకస్ పండ్లు తినే పక్షులూ క్షీరదాలూ ప్రపంచంలో 1,200 జాతులకు పైనే ఉన్నాయని 2001లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష లెక్కగట్టింది. ఇంకే చెట్ల ప్రజాతికీ ఇన్ని నోళ్ళు లేవు.

మేడిపండును విప్పి చూస్తే పురుగులుంటాయని మనకు మొదట చెప్పేది వేమన. బడిలో చదివిన ప్రతి తెలుగువాడికీ ఆ పద్యం వచ్చు. పిరికివాడి బింకాన్ని ఎండగట్టడానికి ఆయన ఆ పోలిక వాడుకున్నాడు. నీతి సంగతి అటుంచితే పరిశీలన నిఖార్సైనది, ఎందుకంటే పుప్పొడి అందిన మేడిపండులో పురుగు ఆనవాళ్ళు లేకుండా ఉండటం కష్టం. జైనులు ఇంకా ముందే దీన్ని గమనించి, మేడి, మర్రి, రావి మొదలైన ఐదు రకాల పండ్లను హింస జరుగుతుందని నిషిద్ధాల్లో చేర్చారు. ఇద్దరూ చూసింది నిజమే. దాని పక్కన ఈ కాలపు శాస్త్రం చేర్చగలిగింది ఒక్కటే: ఆ పురుగు చొరబడి పండును పాడుచేయలేదు, ఆ పురుగు రాకపోతే మేడిచెట్టు ఒక్క గింజనూ పండించలేదు.

ఇది పరస్పర సహకారం కదా అని సంతోషించి ఇక్కడితో ఆపేయొచ్చు, చాలా పుస్తకాలు ఆపేస్తాయి కూడా. కానీ నాకు దీనికంటే దీనిలోని తగువే ముఖ్యంగా కనపడుతుంది. కందిరీగకు పుప్పొడి మోయడం శ్రమ. మోయకుండా వచ్చి గుడ్లు మాత్రమే పెట్టి పోతే ఏమవుతుంది? పనామాలో షార్లట్ యాండేర్, అలెన్ హెర్రే ఈ ప్రశ్నతో ప్రయోగాలు చేశారు. పుప్పొడి లేని కందిరీగలను కాయల్లోకి పంపారు. కావాలని పుప్పొడి పెట్టే కందిరీగలున్న జాతుల్లో, పుప్పొడి అందని కాయలను చెట్టు రాల్చేసింది. కాయతోపాటు పిల్లలూ పోయాయి. రాల్చని కాయల్లోనూ పిల్లలు తక్కువగా పుట్టాయి. పుప్పొడి దానంతట అదే ఒంటికి అంటుకునే జాతుల్లో చెట్టు ఇంత కఠినంగా లేదు, అక్కడ మోసానికి చోటే లేదు కనుక. 2010లో వెలువడ్డ ఈ ఫలితాలు చెట్టు లెక్క చూసుకుంటోందని తేల్చాయి.

ఇంకో చిక్కు ఉంది. కందిరీగ సూది కాస్త పొడవు పెరిగితే పూలన్నింటిలోనూ గుడ్లు పెట్టేయొచ్చు. అప్పుడు గింజలే ఉండవు, చెట్టు వంశం ఆగిపోతుంది. కోట్ల ఏళ్ళుగా అలా ఎందుకు జరగలేదు? దీనికి ఒకటికంటే ఎక్కువ జవాబులున్నాయి. నన్ను బాగా ఆకట్టుకున్నది మూడోపక్షం గురించినది. పుప్పొడి మోయని కందిరీగలు కొన్ని ఉన్నాయి. అవి కాయలోకి దూరవు. బయట గోడమీద నిలబడి, ఒంటికంటే పొడవైన సూదిని గోడలోంచి దించి లోపలి పూలలో గుడ్లు పెడతాయి. కొన్ని నేరుగా పువ్వునే తింటాయి, కొన్ని లోపల పెరుగుతున్న కందిరీగ పిల్లను తింటాయి. మన మేడి ఒక్కదాని మీదే ఇలాంటివి ఐదారు జాతులు బతుకుతున్నాయి. బయటినుంచి వచ్చే సూదికి గోడ దగ్గరున్న పూలు సులువుగా అందుతాయి, కాయ నడుమకు దగ్గరగా ఉన్నవి అందవు. కాబట్టి గోడవైపు పెట్టిన గుడ్డు బతికే అవకాశం తక్కువ. పొడవు కీలాల పూల అడుగులు ఉండేది గోడవైపే. అక్కడ గుడ్లు పెట్టడం కందిరీగకే నష్టం. ఆస్ట్రేలియాలో ఒక ఫైకస్ జాతిమీద డెరెక్ డన్, ఆయన సహచరులు 2008లో దీన్ని లెక్కలతో చూపించారు. చెట్టుకూ కందిరీగకూ ఇద్దరికీ శత్రువైన పరాన్నజీవి వాళ్ళ ఒప్పందాన్ని కాపలా కాస్తోందన్నమాట.

ఆ సూది గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. వెంట్రుకకంటే సన్నని సూదితో పచ్చికాయ గోడను తొలవాలి, అదీ ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రత గుండయ్య మేడికాయల మీది పరాన్న కందిరీగ సూదిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించి 2014లో వివరాలు ప్రచురించారు. సూది కొసన రంపపు పళ్ళున్నాయి. ఆ పళ్ళలో జింకు ఉంది. మిగతా సూది వంగుతుంది, కొస మాత్రం గట్టిగా ఉంటుంది. అదే సంస్థలో రెనీ బోర్జెస్ బృందం ఎన్నో ఏళ్ళుగా ఈ మేడిచెట్ల మీదే పనిచేస్తోంది. చెట్టుమీద ఆకులు కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు కాయల వాసననూ కందిరీగల వాసననూ పట్టి, గోడమీద నిలబడి తొలిచే పరాన్న కందిరీగలను వేటాడతాయని వాళ్ళు గమనించారు. లోపలికి దూరిపోయే అసలు కందిరీగ బయట ఉండేది కాసేపే కాబట్టి చీమ బెడద దానికి తక్కువ. ఇంకా లోతుకు పోతే, ఆ కందిరీగ పొట్టలో ఎక్కి కాయనుంచి కాయకు ప్రయాణం చేసే సన్నని నులిపురుగులున్నాయి. అప్పటికే కిక్కిరిసిన కందిరీగను వదిలి ఖాళీగా ఉన్నదాన్ని అవి ఎంచుకుంటాయని కూడా ఆ బృందమే చూపింది. బరువు మితిమీరితే మోసేదీ చేరదు, ఎక్కినదీ చేరదు.

పరిణామ శాస్త్రానికి ఈ కాయ ఒక ప్రయోగశాల. ఒక కాయలోకి ఒకే తల్లి వస్తే లోపల పుట్టేవన్నీ అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ములే. అప్పుడు మగవాటిని ఎక్కువ కనడం దండగ. ఇద్దరు ముగ్గురు తల్లులు వస్తే మగవాటి మధ్య పోటీ ఉంటుంది కాబట్టి ఎక్కువ కనడం లాభం. విలియం హామిల్టన్ 1967లో కాగితం మీద వేసిన ఈ లెక్కను అలెన్ హెర్రే 1985లో పనామా కందిరీగల్లో పరీక్షించి, తల్లుల సంఖ్యనుబట్టి కొడుకుల నిష్పత్తి నిజంగానే మారుతోందని చూపాడు. ఫలదీకరణ చెందిన గుడ్డు ఆడ, చెందనిది మగ కావడంవల్ల తల్లికి ఆ ఎంపిక చేతిలో ఉంటుంది.

మేడికి దగ్గరి చుట్టం బొమ్మమేడి గురించి కూడా చెప్పాలి. గరుకు ఆకులతో తోటల అంచున, వాగుల పక్కన పెరిగే చిన్నచెట్టు. దీనిలో చెట్లు రెండు రకాలు. ఒక రకం కాయల్లో పొట్టి కీలాల పూలూ కేసరాలూ ఉంటాయి, అక్కడ కందిరీగలు పుడతాయి. రెండో రకం, అంటే ఆడచెట్టు, కాయల్లో అన్నీ పొడవు కీలాలే, అక్కడ గింజలు మాత్రమే పుడతాయి. రెండో రకంలోకి దూరిన కందిరీగ పూలన్నింటికీ పుప్పొడి పెడుతుంది, సూది మాత్రం ఎక్కడా అడుగుకు చేరదు. ఒక్క గుడ్డూ పెట్టలేక చనిపోతుంది. రెక్కలు అప్పటికే పోయాయి, వేరే కాయకు వెళ్ళలేదు. బయటినుంచి రెండు కాయలూ ఒకేలా ఉంటాయి, వాసనా పోల్చుకోలేనంత దగ్గర. మరి ఇంతకాలంలో కందిరీగలు ఆ తేడా కనిపెట్టడం ఎందుకు నేర్చుకోలేదు? ఆడచెట్టు కాయలే దొరికే రోజుల్లో పుట్టినదానికి, వద్దని తప్పుకున్నా మిగిలేది ఒక రోజు ఆయుష్షే. తప్పుకున్నందుకు వచ్చే ప్రతిఫలం ఏమీ లేదు. అందుకే తప్పుకునే గుణం వంశంలో నిలవలేదు. సహకారమన్న మాటకు బొమ్మమేడి ఆడచెట్టులో చనిపోయే కందిరీగను కూడా కలుపుకోగల అర్థం ఉండాలి.

ఈ బంధం వయసు కనీసం 7.5 కోట్ల సంవత్సరాలని జన్యు పోలికలు చెబుతున్నాయి. ఇంగ్లండ్ దక్షిణాన వైట్ ద్వీపంలో దొరికిన ఒక శిలాజం వయసు 3.4 కోట్ల సంవత్సరాలు. ఆ కందిరీగ నేటి కందిరీగలాగే ఉంది, పుప్పొడి కూడా దానితో ఉంది.

ఇంత పాత ఒప్పందంలో ఒక పక్షాన్ని తీసేస్తే ఏమవుతుందో మనుషులకు తెలియక తెలిసింది. 1880లలో కాలిఫోర్నియా రైతులు టర్కీ నుంచి స్మిర్నా అంజూర మొక్కలు తెచ్చి నాటారు. చెట్లు బాగా పెరిగాయి. పిందెలు వేసి, ముడుచుకుని, రాలిపోయాయి. ఏటా అదే తంతు. టర్కీలో తోటల్లో అడవి అంజూర కొమ్మలను వేలాడదీయడం వేల ఏళ్ళనాటి అలవాటు, గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీన్ని రాసిపెట్టాడు కూడా. కాలిఫోర్నియావాళ్ళలో చాలామంది దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేశారు. చివరికి వాల్టర్ స్వింగిల్ చొరవతో అడవి అంజూర కాయల్లో కందిరీగలను తెప్పించి వదిలితే, 1899లో ఫ్రెస్నో దగ్గర అవి నిలదొక్కుకున్నాయి. తోటలు కాయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మార్కెట్లో దొరికే అంజూర రకాల్లో చాలావాటికి పుప్పొడితో పనిలేదు, కాబట్టి వాటిలో కందిరీగ ఉండదు.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ప్రశ్న. పుట్టిన చెట్టుమీద కందిరీగకు చోటెందుకు లేదు? మేడిచెట్టు మీది కాయలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి. కందిరీగలు బయటికొచ్చే రోజుకు ఆ చెట్టుమీద పూలదశలో ఉన్న కాయ ఉండదు. దానివల్ల చెట్టు పుప్పొడి దానికే పడకుండా దూరం పోతుంది. కానీ కందిరీగ బతకాలంటే, ఆమె ఎగిరివెళ్ళగల దూరంలో, ఆ ఒకటి రెండు రోజుల్లోనే, ఇంకో మేడి పూలదశలో ఉండాలి. వచ్చే వారం ఉంటే లాభం లేదు. అంటే ఒక ప్రాంతంలో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండాలి. చుట్టుపక్కల చెట్లన్నీ ఒకదానితో ఒకటి కాలం కలవకుండా కాయడం వల్లే ఇది సాధ్యం. మిగతా చెట్లన్నీ ఖాళీగా ఉన్న నెలల్లో కూడా అడవిలో ఏదో ఒక ఫైకస్ పండి పిట్టలకు తిండి దొరకడానికి కారణం ఇదే: రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఆయుష్షు.

అందుకే ఒంటరి చెట్టు ఎంత పెద్దదైనా కందిరీగను నిలబెట్టలేదు. 1998 మొదట్లో ఎల్‌నినో కరవుకు బోర్నియోలోని లాంబిర్ అడవిలో ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే ఫైకస్ జాతులు కొన్నాళ్ళు కాయలు వేయడం ఆపేశాయి. ఆ కాస్త ఎడంలోనే వాటి కందిరీగలు ఆ ప్రాంతంలో లేకుండా పోయాయని రెట్ హారిసన్ నమోదు చేశాడు. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను తుడిచిపెట్టినప్పుడు మాత్రం అక్కడి ఫైకస్ కందిరీగలు కొన్ని నెలల్లోనే తిరిగొచ్చాయి. చుట్టూ చెట్లు మిగిలి ఉండటమే తేడా. వేడి ఇంకో భయం. సింగపూర్‌లో నాలుగు జాతుల కందిరీగల మీద చేసి 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, అక్కడి మామూలు ఉష్ణోగ్రతకు మూడు డిగ్రీలు కలిపేసరికి ఎగిరే కందిరీగ ఆయుష్షు బాగా పడిపోయింది. కాయలోపల ఉన్నంతసేపూ చెట్టు కాపాడుతుంది. కాయ తన చర్మంలోంచి నీటిని ఆవిరి చేసి లోపల చల్లగా ఉంచుతుంది, ఆ ఆవిరిని ఆపేస్తే పెద్దకాయల్లో పురుగులు బతకలేనంత వేడెక్కుతుందని పనామాలో కొలిచి చూశారు. బయటికి ఎగిరాక ఆ రక్షణ లేదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో రెండు మిల్లీమీటర్ల ప్రాణి ఎంతసేపు గాలిలో ఉండగలదో, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఎంత ఉండాలో ఆలోచించాల్సిన కాలం ఇది.

హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీద మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణ ప్రతిపాదన వచ్చినప్పుడు వాటిని కాపాడాలని పౌరులు పోరాడారు, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇలాంటి వాదనల్లో సాధారణంగా నీడ, ఆక్సిజన్, చెట్ల వయసు మాట్లాడతారు. కందిరీగ కళ్ళతో చూస్తే అక్కడున్నది మరొకటి. పదుల కిలోమీటర్ల పొడవునా, ఒకదానినుంచి ఒకటి తేలిగ్గా అందే దూరంలో, ఏ వారం చూసినా ఏదో ఒకటి పూస్తూ ఉండగలిగినన్ని మర్రులు. అక్కడి యూప్రిస్టినా మసోని కందిరీగలకు అది పుట్టినూరూ, పొలిమేరా. కొట్టేసిన ప్రతి మర్రికి బదులుగా పదేసి మొక్కలు నాటుతామన్న హామీ ఆ లెక్కను పూరించదు. కాయడం మొదలుపెట్టడానికి మొక్కకు ఏళ్ళు పడుతుంది, కందిరీగకు ఉన్నది రేపటిదాకా.

ఇదంతా చదివి నమ్మనక్కర్లేదు. మీ ఊళ్ళో మేడిచెట్టు ఉంటే, వారానికోసారి రెండు కాయలు కోసి చూడండి. కాయ చిన్నదై, లోపల తెల్లటి కీలాగ్రాలు మెరుస్తుంటే అది పూలదశ. అప్పుడే గుంట అంచున విరిగిన రెక్కలు, లోపల రెక్కల్లేని నల్లని తల్లి దొరుకుతాయి. కాయ పెరిగి, లోపల బుడిపెలు గట్టిపడితే పిల్లలు పెరుగుతున్నాయి. ఒక బుడిపెను సూదితో విప్పితే తెల్లని పురుగో, ముడుచుకున్న కందిరీగో కనపడుతుంది. గోడమీద పొడవాటి తోకతో నిలబడిన కందిరీగ ఉంటే అది పరాన్నజీవి, దాన్ని కదిలించకుండా చూస్తే సూది దించడం కనపడుతుంది. కాయ పక్కన గుండ్రని చిల్లు పడి ఉంటే ఆడవి ఆ పొద్దుటే వెళ్ళిపోయి ఉండొచ్చు, లోపల తేనెరంగు మగవి ఇంకా పాకుతుంటాయి. చూసిన తేదీ, దశ రాసుకోండి. పక్క ఊరి మేడిని ఇంకెవరైనా అలాగే రాసిపెడితే, రెండు చెట్ల తేదీలు కలవకపోవడం కొన్ని నెలల్లోనే కాగితం మీద కనపడుతుంది.